గాలి మీదికి నెట్టిన తప్పు

ఆ రోజు పెద్ద గాలేం లేకుండె. షెడ్డు మూలకు కట్టిన ఎర్ర గుడ్డ ముక్క అప్పుడప్పుడు జెర కదిలేది, అంతే. కానీ ఫ్యాక్టరీ రిపోర్టుల మాత్రం అకస్మాత్తుగా గాలి వచ్చిందని రాసి ఉన్నది. ఆ మాట ముందుగాల అన్నది నేనే.

మొదటి నుంచి చెప్త.

మాది గుమ్మడిదల పక్కన ఊరు. పదిహేనేండ్లు ఒక మందుల కంపెనీల రియాక్టర్ల దగ్గర ఆపరేటర్‌గ చేసిన. వారానికో తీరు షిఫ్టు. నిద్ర కుదరక ఒళ్ళు చెడితే ఒకనాడు మానేసిన. ఏం చెయ్యాల్నో తెల్వక తిరుగుతున్న రోజుల్ల మా బామ్మర్ది పెండ్లిల డ్రోన్ చూసిన. పందిరి మీద అది తిరుగుతుంటే పిల్లలు కింద ఉరుకుతున్నరు. పిల్లల సంగతి సరే, నలభై దాటిన నేను సుత బువ్వ తినుడు మరిచిపోయి మెడ ఎత్తి నిలబడ్డ. ఆ తర్వాత శిక్షణ సంస్థల చేరి, నా సగం వయసోళ్ళ మధ్యల కూసోని చదివి, పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకున్న. అప్పటికి మా మండలంల లైసెన్స్ ఉన్నోడు ఇంకొకడు ఉన్నట్టు నేను వినలేదు.

పెండ్లి వీడియోల మీద నాకు మనసు లేకుండె. ఫ్యాక్టరీ మనిషిని కాబట్టి ఫ్యాక్టరీ పనులే ఎతుక్కున్న. చిమ్నీ పగుళ్ళు, ట్యాంకుల మీది తుప్పు, షెడ్ల పైకప్పులు. మనిషి ఎక్కితే ప్రమాదమయ్యే చోటికి నా మిషన్ ఎక్కి ఫోటోలు తెచ్చేది. "నేనొస్తే మీ మనిషి పైకి ఎక్కే పని లేదు" అని ప్రతి ఫ్యాక్టరీల చెప్పుకునేటోణ్ణి. అబద్ధం కాదు అది. ఆ మాట చెప్పేటప్పుడు నా ఛాతీ జెర ముందుకు వచ్చేది.

శిక్షణల మొదటి రోజు చెప్పిన మాట ఒకటున్నది. స్క్రీన్ చూసి ఎగరేసుడు కాదు, డ్రోన్ ఎప్పుడూ నీ కండ్లకు కనపడాలె. కనపడలేదా, దించెయ్యాలె. మాకు చెప్పినాయన దాన్ని మా నోటితోని మూడు సార్లు అనిపిచ్చిండు.

ఆ రోజు పటాన్‌చెరు దిక్కు ఒక ఫ్యాక్టరీకి పోయిన. రెండు రోజుల ముందు వచ్చిన గాలివానకు గోదాము పైకప్పు రేకులు లేచినయి. ఏ రేకు ఎంత లేచిందో ఫోటోలు కావాలన్నరు. నేను పోయేసరికి పైన ఇద్దరు ఒడియా మనుషులు బోల్టులు బిగిస్తున్నరు. నడుముకు బెల్టు, బెల్టుకు తాడు. వాళ్ళను దించితేనే ఎగరేస్తనని కంట్రాక్టర్‌కు చెప్పిన.

"దించితే మల్ల పర్మిట్ రాపియ్యాలె అన్నా, పూట పోతది. నువ్వు జెర పక్క నుంచి తీసుకో" అన్నడు.

సేఫ్టీ ఆఫీసర్ అక్కడనే ఉండె. ముప్పై ఐదేండ్లుంటయేమో, మంచి మనిషే, ఎప్పుడు పోయినా చాయ్ తాగిచ్చేటోడు. ఆయన నా ముఖం చూసిండు. నేను సరే అన్న.

ఇంకో పని సుత చేసిన. రేకులకు దగ్గరగా పోతే మిషన్ తనంతట తానే ఆగిపోతది, అడ్డం ఉన్నదని గుర్తుపట్టే సెన్సార్లు ఉంటయి దానికి. ఫోటోలు దగ్గర నుంచి కావాలె కాబట్టి వాటిని బంద్ చేసిన. ఎప్పుడూ చేసేదే. నా కండ్లున్నయి కదా అనుకునేటోణ్ణి.

నా కండ్ల సంగతి ఏందంటే, అప్పటికి రెండు నెలల నుంచి కుడి కంట్ల ఒక మసక. అద్దం మీద నూనె చుక్క పడ్డట్టు. కండ్లద్దాలు తుడుచుకున్న, మార్చుకున్న. పోలే. రెండు కండ్లు తెరిచి చూస్తే అంతగా తెలుస్తలేదని ఊకున్న.

మిషన్ లేపిన. ఒక దిక్కు రేకులన్నీ తీసిన. రెండో దిక్కుకు తిప్పుతుంటే స్క్రీన్ మీది నుంచి తల ఎత్తి పైకి చూసిన. ఆకాశం తెల్లగా ఉన్నది, పొగ కలిసిన తెలుపు. మిషన్ ఒక నల్ల చుక్క. ఆ ఇద్దరికీ అవతల, బాగా దూరంల ఉన్నదనే నా కండ్లు నాకు చెప్పినయి. జెర ఇటు తెచ్చుకుందమని రిమోట్ మీది పుల్లను నా దిక్కు గుంజిన.

అవతల లేదది. వాళ్ళ పక్కనే ఉన్నది.

వంగి పని చేస్తున్న మనిషి చెవి దగ్గరికి రెక్కల చప్పుడు వచ్చేసరికి దిగ్గున లేచి చెయ్యి అడ్డం పెట్టిండు. కాలు రేకు మీద జారింది. రేకు పొడుగునా జారి, అంచు దాటి, కిందికి పోయిండు. తాడు టక్కుమని బిగుసుకున్నది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ యాదికున్నది. రెండంతస్తుల ఎత్తుల, గోడకు ఆనుకొని ఏలాడుతున్నడు. పైనున్న రెండో మనిషి వాళ్ళ భాషల మొత్తుకుంటున్నడు. ఏలాడేటాయన మాత్రం రెండు చేతులతోని తాడు పట్టుకొని కింద సిమెంటు నేలనే చూస్తున్నడు.

మిషన్‌ను పైకి లేపి హోమ్ బటన్ ఒత్తిన. అది ఎప్పటి తీరుగనే వచ్చి నా ముంగట దిగి రెక్కలు ఆపింది.

నిచ్చెన తెచ్చి దించేసరికి ఎంత సేపు పట్టిందో చెప్పలేను. కాళ్ళు నేలకు ఆనినంక ఆయన కూలబడ్డడు. బెల్టు ఒరుసుకొని నడుము కాడ తోలు లేచింది. ఇంకేం దెబ్బల్లేవు. సేఫ్టీ ఆఫీసర్ ఉరికొచ్చిండు.

"ఏమైంది? ఏమైందన్నా?"

"గాలి కొట్టింది సార్" అన్న.

ఆలోచించి అన్నది కాదు. నోరు అట్లనే అన్నది. కానీ ఆ తర్వాత ఆలోచించడానికి చానా టైమ్ ఉండె. ఆయన కాయిదం తెచ్చి రాసుకునేటప్పుడు ఉండె, నా సంతకం అడిగినప్పుడు ఉండె. పెట్టిన.

ఇంట్ల నా భార్యకు సుత అదే చెప్పిన. గాలికి ఒక ఒడియా మనిషి జారిండు, బెల్టు ఉన్నది కాబట్టి బతికిండు అని.

రెండు వారాల తర్వాత ఫోటోల పని ముగించి ఇయ్యనీకె మల్ల ఆ ఫ్యాక్టరీకి పోయిన. గేటు లోపల లారీ దగ్గర డ్రమ్ములు దొర్లిస్తున్నోళ్ళల్ల ఆ రోజు జారినాయన కనపడ్డడు. నన్ను చూసి తనే చెయ్యెత్తి నమస్తే పెట్టిండు. నడుము ఎట్లున్నదని అడిగిన.

"నడుము ఠీక్ హై భయ్యా. హైట్ పాస్ పోయింది" అన్నడు. ఇక్కడ తొమ్మిదేండ్ల నుంచి ఉంటున్నడు కాబట్టి తెలుగు, హిందీ కలిపి మాట్లాడుతడు.

హైట్ పాస్ అంటే ఎత్తు మీద పని చేసేటోళ్ళకు పరీక్ష చేసి ఇచ్చే కార్డు. అది మెడల లేకపోతే నిచ్చెన మీద సుత కాలు పెట్టనియ్యరు.

"ఎందుకు తీసుకున్నరు?"

"రిపోర్టుల రాసిన్రు కదా. గాలి వచ్చింది, నేను భయపడి జాగ వదిలిపెట్టిన అని. గాలికి భయపడేటోడు పైకి పోవద్దంట." ఇంత అని డ్రమ్ము మీద చెయ్యి పెట్టిండు. "టవర్లు ఎక్కినోణ్ణి భయ్యా నేను."

నేను సంతకం పెట్టిన కాయిదంల అది సుత ఉన్నదని నాకు తెల్వదు. చదవకుండనే పెట్టిన. లోపలికి పోయి ఫోటోలు ఇచ్చి, చాయ్ వద్దని చెప్పి, ఇంకో గేటు నుంచి బయటపడ్డ.

ఆ వారంలనే లైసెన్స్ గడువు దగ్గరపడ్డదని మెయిల్ వచ్చింది. రిన్యూ చేసుకోవాలంటే కొన్ని కాయిదాలు పెట్టాలె, మల్ల ఒకసారి చిన్న శిక్షణకు పోవాలె. కాయిదాలల్ల ఒకటి డాక్టర్ ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. అదే ఫ్యాక్టరీ ఏడాది పొడుగునా అన్ని షెడ్లు చూసే పని నాకే ఇస్తమని, కొత్త లైసెన్స్ కాపీ పంపియ్యమని ఫోన్ చేసింది. అన్నీ ఒక్కసారే మీద పడ్డయి.

పటాన్‌చెరుల ఒక క్లినిక్ ఉన్నది. ఫ్యాక్టరీ కొలువులకు పోయేటోళ్ళందరూ సర్టిఫికెట్‌కు అక్కడికే పోతరు. లైన్ల నిలబడ్డ. నా వంతు వచ్చినప్పుడు డాక్టర్ తల ఎత్తలే.

"ఏమన్న తకలీఫ్ ఉన్నదా?"

"లేదు సార్."

సంతకం, ముద్ర. అయిపోయింది. బయటికొచ్చి కాయిదం మడత పెట్టి జేబుల పెట్టుకుంటుంటే తడి ముద్ర జెర అలుక్కున్నది.

నా భార్య ఇంజెక్షన్ మందులు చేసే కంపెనీల పని చేస్తది. ఆమె పని చూసుడు. ముంగట ఒక లైటు, వెనుక సగం నల్ల బోర్డు, సగం తెల్ల బోర్డు. మందు సీసాను జెర తిప్పి ముందు నల్ల దాని ముంగట, తర్వాత తెల్ల దాని ముంగట పట్టుకుంటది. లోపల ఎంటిక అంత నలక ఉన్నా పక్కకు తీస్తది. కొద్దిసేపటికోసారి కండ్లకు విరామం ఇస్తరు. కండ్ల పరీక్షలు సుత వాళ్ళకు గట్టిగ చేస్తరు. ఆమె పక్క సీట్ల కూసునే ఆమెకు ఒకసారి పరీక్షల తేడా వస్తే, అదే రోజు డబ్బాలు కట్టే కాడికి పంపిన్రు.

టేబుల్ మీద నా సర్టిఫికెట్ ఆమె కంట్ల పడ్డది.

"కండ్లు సూసిండా?" అని అడిగింది.

"సూసిండు."

"ఎట్ల సూసిండు? ఒక కన్ను మూసి సదివిచ్చిండా?"

నేను గ్లాసుల నీళ్ళు పోసుకుంటున్న.

"సగం నీళ్ళు బయట పోస్తున్నవ్" అన్నది. "ఇయ్యాల్నే కాదు. నెల దినాల సంది సూస్తున్న."

నా చేతిల గ్లాసు తీసి పక్కన పెట్టి, నన్ను గోడ మీది క్యాలెండర్ ముంగట నిలబెట్టింది. "ఎడమ కన్ను మూసుకో" అన్నది. మూసుకున్న. ఒక అంకె మీద ఏలు పెట్టి తీసింది. "ఇదెంత?"

ఆమె చూపిన చోట అంకె లేదు. పక్కన ఉన్నయి, పైన ఉన్నయి, కింద ఉన్నయి. చూపు ఎటు తిప్పితే అటు మచ్చ తిరుగుతున్నది, దాని కిందికి వచ్చిన అంకె మాయమైతున్నది. గీసిన గళ్ళు నడుమల వంకర పోయినయి. లెక్కేసుకొని పన్నెండని చెప్పిన.

"నేను ఏలు పెట్టింది ఐదు మీద" అన్నది.

నేను కన్ను తెరిచిన. ఆమె మంచం మీద కూసున్నది.

"ఎన్ని దినాలాయె?"

"రెండు మూడు నెలలు."

"ఆ ఒడియా ఆయన ఏలాడింది..." అని ఆగింది. "గాలి కాదా?"

కాదన్న. ఆ మాట బయటికి అన్నది అదే మొదటిసారి. ఆమె నన్ను తిట్టలే. తిడితే బాగుండనిపించింది. లేచి, "రేపు నేను లీవ్ పెడత. సంగారెడ్డి పోదం" అన్నది.

సంగారెడ్డిల కండ్ల డాక్టర్ మందు చుక్కలు ఏసి గంట కూసోబెట్టింది. మిషన్ ముంగట గడ్డం ఆనిపిచ్చి ఫోటో తీసింది. కంటి వెనుక పొర మధ్యల నీరు చేరి మచ్చ పడ్డదని స్క్రీన్ మీద చూపిచ్చింది. ఊరి చుట్టూ కుంటలను పై నుంచి ఎన్నో ఫోటోలు తీసిన నేను. నా కంట్ల నీరు సుత గట్లనే ఉన్నది.

"ఏం పని చేస్తరు?"

నేను నోరు తెరిచేలోపల నా భార్య, "డ్రోన్లు ఎగరేస్తడు మేడమ్" అన్నది.

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. "మనుషులుండే చోటనా?"

"ఒక్కోసారి" అన్న.

"మందులు వాడి కొన్ని నెలలు చూద్దాం. తగ్గొచ్చు, ఇట్లనే ఉండిపోవచ్చు. ఒక కన్ను మధ్యల చూపు లేకపోతే దగ్గర, దూరం సరిగ్గ తెల్వదు. ఇప్పుడైతే ఫిట్ అని నేను రాయలేను."

నేను రాయమని అడగలేదు. నా జేబుల రాసింది ఒకటి ఉండనే ఉన్నది.

ఆ తర్వాత పది రోజులు నేను ఇంట్ల మనిషి తీరుగ లేను. అప్లికేషన్ మొత్తం కంప్యూటర్ల నింపిన. క్లినిక్ కాయిదం స్కాన్ చేసి పెట్టిన. పంపు అనే బటన్ ఒక్కటే మిగిలింది. దాని ముంగట కూసునుడు, లేచుడు. నాతోని నేనే కొట్లాడుకున్న. ఎడమ కన్ను బాగనే ఉన్నది కదా. సెన్సార్లు బంద్ చెయ్యకపోతే అయిపాయె. మనుషులుంటే ఎగరేయకపోతే అయిపాయె. అసలు లైసెన్సే లేకుంట ఎగరేసేటోళ్ళు ఎంతమంది లేరు! నలభై ఆరేండ్ల మనిషిని ఇప్పుడు ఏ రియాక్టర్ దగ్గరికి పోవాలె? ఇట్లా ఒక్కొక్కటి అనుకొని, సరే పంపిద్దామని చెయ్యి పెట్టేసరికి తాడు టక్కుమన్న చప్పుడు వినపడేది.

ఒక పొద్దుగాల నా భార్య పనికి తయారైతూ వెనుక నుంచి స్క్రీన్ చూసింది. పంపలేదా అని అడగలే, పంపొద్దని సుత అనలే.

"నేను ఒక్క సీసా వదిలిపెడితే అది ఎవరికి పోతదో నాకు తెల్వదు" అన్నది జడ అల్లుకుంట. "నీకు తెలుసు కదా. డ్రమ్ములు దొర్లిస్తున్నడని నువ్వే చెప్తివి."

టిఫిన్ డబ్బా సంచిల పెట్టుకొని పోయింది. ఆమె పోయినంక చానా సేపు కూసున్న. పంపుడా వద్దా అనేది ఒక్కటే సంగతి అనుకుంట వచ్చిన నేను. కాదు. బటన్ ఒత్తకుండ ఊకున్నా సుత ఆయన మెడల కార్డు తిరిగి రాదు.

ఆయన ఉండేది కాజీపల్లిల అని తెలుసుకొని ఆదివారం పోయిన. కంపెనీల వెనుక వరుసగ కిరాయి రూములు, మీద రేకులు. అడుక్కుంట పోతే ఆయన రూమ్ దొరికింది. నలుగురు ఉంటరు అందుల. ఆయన స్టవ్ ముంగట కూసోని ఆలుగడ్డలు కోస్తున్నడు. నన్ను చూసి సంబరపడ్డడు. బకెట్ బోర్లేసి కూసోమన్నడు. బయట మాట్లాడుదమన్న. గోడ పక్కకు వచ్చినం.

ఎట్ల మొదలుపెట్టాల్నో వారం సంది అనుకున్నదంతా పోయింది. "ఆ రోజు హవా నహీ థా భయ్యా" అన్న. "గాలి లేకుండె. నా కన్ను బాగలేదు. మిషన్ దూరం ఉన్నదనుకొని నేనే నీ మీదికి గుంజిన."

ఆయనకు ముందు అర్థం కాలే. మల్ల చెప్పిన. చేతిల కత్తి ఇంకా అట్లనే ఉన్నది, దాన్ని గోడ మీద పెట్టిండు.

"అంటే నేను భయపడలేదు కదా?" అన్నడు.

"లేదు. ఎవడైనా గట్లనే లేస్తడు."

"వాళ్ళు రాసినంక నేను సుత అదే నిజమనుకున్న భయ్యా. మొన్న బల్బు మార్చనీకె స్టూలు ఎక్కితే కాళ్ళు వణికినయి. తొమ్మిదేండ్లల్ల ఎప్పుడూ వణకలే." నా దిక్కు తిరిగిండు. "ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

"లైసెన్స్ పోతదని."

"నాది పోయింది కదా!" అని అరిచిండు. రూమ్‌ల ఉన్నోళ్ళు బయటికి తొంగి చూసిన్రు. కొడతడేమో అనుకున్న. కొట్టలే. కత్తి తీసుకొని లోపలికి పోయి తలుపు ఏసుకున్నడు. నేను చాలా సేపు ఆ గోడ కాడనే ఉన్న. తలుపు మల్ల తెరుచుకోలే.

సోమవారం సేఫ్టీ ఆఫీసర్ దగ్గరికి ల్యాప్‌టాప్ పట్టుకొని పోయిన. సంగతి చెప్పిన.

"ఫైల్ క్లోజ్ అయిపోయిందన్నా. ఆయన ఏమన్న కంప్లయింట్ ఇచ్చిండా?"

"లేదు సార్."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నవ్?"

మిషన్ ఎగిరిన ప్రతిసారీ తన లోపల లెక్క రాసుకుంటది. ఏ క్షణాన ఎక్కడ ఉన్నది, నేను పుల్ల ఎటు తిప్పిన, గాలి ఎంత ఉన్నది, అన్నీ. దాన్ని తెరిచి చూపిచ్చిన. "గాలి నెట్టలేదు సార్. ఈడ చూడండి, నేను గుంజిన."

ఆయన లేచి పోయి తలుపు దగ్గరికి ఏసి వచ్చిండు. మెల్లగ అడిగిండు: "మనుషులను దించకుండ ఎగరేయమన్నది ఎవరని రాస్తవ్?"

"కంట్రాక్టర్ అన్నడు. నేను ఒప్పుకున్న. మీరు అక్కడనే ఉన్నరు."

"నేను ఉన్నట్టు సుత రాయాల్నా?"

నాకు చాయ్‌లు తాగిచ్చిన మనిషి. ఇంట్ల చిన్న పిల్లలున్నరని తెలుసు. రాయకపోతే మల్ల ఇంకో అబద్ధం మీద సంతకం పెట్టినట్టయితది. "రాయాలె సార్" అన్న. ఆడనే కూసోని తెలుగుల పేజీన్నర రాసిన. నా కన్ను సంగతి, సెన్సార్లు బంద్ చేసిన సంగతి, ఆ మనిషి ఏ తప్పు చెయ్యలేదన్న సంగతి. ఆయన చదివి డ్రాయర్ల పెట్టి, "చూద్దాం" అన్నడు.

వారం గడిచింది. రోజూ ఫోన్ చేసిన. మొదట ఎత్తేటోడు, తర్వాత ఎత్తుడు బంద్ చేసిండు. తొమ్మిదో రోజు గేటు దగ్గరికి పోయి నిలబడ్డ. లంచ్‌కు బయటికి వచ్చినప్పుడు ఎదురుపోయి, నా దగ్గర ఇంకో కాపీ ఉన్నది సార్, దాన్ని మేనేజర్‌కు ఇస్త అన్న. ఆయన నన్ను చూసిన చూపు నేను మరువ. తిట్టినా గంత బాధ కాకపోవు.

"నువ్వు ఇయ్యకు. నేనే ఇస్త" అన్నడు.

మాట నిలబెట్టుకున్నడు. మేనేజర్ అందరినీ పిలిచి మల్ల విచారణ చేసిండు. కంట్రాక్టర్ నా ముఖం చూడలే. సేఫ్టీ ఆఫీసర్‌కు మెమో ఇచ్చిన్రు. నన్ను ఇగ గేటు లోపలికి రానియ్యొద్దని రాసిన్రు, ఏడాది పని పోయింది. లైసెన్స్ ఇచ్చేటోళ్ళకు సుత ఈ సంగతి తెలియజేస్తమన్నరు. తెలియజేయుండ్రి అన్న.

ఆ ఒడియా ఆయనకు మల్ల పరీక్ష పెట్టిన్రని విన్న. కొన్ని రోజులకు నా ఫోన్‌కు ఒక ఫోటో వచ్చింది. కొత్త హైట్ పాస్ కార్డు, దాని మీద ఆయన ముఖం. కింద ఒక్క అక్షరం లేదు. నేను ఏందేందో రాసి కొట్టేసిన. ఆఖరికి "మంచిది భయ్యా" అని పంపిన. చూసినట్టు గుర్తు పడ్డది. జవాబు రాలే. వస్తదని అనుకోలే సుత.

కంప్యూటర్ల నింపి పెట్టిన అప్లికేషన్‌ను తీసేసిన. క్లినిక్ కాయిదం చింపి పొయ్యిల ఏసిన. రెండోసారి పోయినప్పుడు సంగారెడ్డి డాక్టర్ మచ్చ పెరగలేదు, తగ్గలేదు అన్నది. ఇప్పుడు వేరే పైలట్లు తీసిన ఫోటోలను ఇంట్ల కూసోని కలిపి మ్యాపులు చేసి ఇస్తున్న. స్క్రీన్ మీద పని ఎడమ కన్నుతోని నడుస్తది. ఎగరేసిన చెయ్యికి అది పనే అనిపియ్యదు. ఆకాశంల ఏదన్న చప్పుడైతే ఇప్పటికీ తల ఎత్తుత.

లైసెన్స్ గడువు తీరిన తెల్లారి, పొద్దుగాల్నే కిష్టారెడ్డిపేట నుంచి ఒక లేఅవుట్ ఆయన ఫోన్ చేసిండు. ప్లాట్ల వీడియో కావాలె, జల్దీ కావాలె అన్నడు.

"నేను ఎగరేస్తలేను సార్" అన్న.

"ఎందుకన్నా? వేరే పని పడ్డదా?"

"కన్ను బాగలేదు. లైసెన్స్ సుత అయిపోయింది."

"ఉత్త ఖాళీ జాగనే కదా. మనుషులెవరుంటరు? లైసెన్స్ ఎవరడుగుతరు? ఒక్క పది నిమిషాలు ఎగరేసి పో."

నిజమే, ఎవరూ అడగరు. మిషన్ మంచం కింద పెట్టెల ఉన్నది, బ్యాటరీలు బాగనే ఉన్నయి. ఫోన్ చెవికి పెట్టుకొనే ఉన్న. ఆయన "హలో, హలో" అన్నడు.

"హద్దు రాళ్ళు పాతేటోళ్ళు ఉంటరు కదా సార్" అన్న.

ఆయన ఇంకెవరినన్న చూసుకుంటనని పెట్టేసిండు. నా భార్య చెప్పులు తొడుక్కుంట ఎవరని అడిగింది. చెప్పిన.

"ఏమన్నవ్?"

"కన్ను బాగలేదన్న."

ఆమె తల ఊపింది. బయట కంపెనీ బస్సు హారన్ కొట్టింది. సంచి భుజానికి ఏసుకొని ఉరికింది.